పదిహేడో మిక్సు

ఏప్రిల్ రెండో శనివారం, కార్బండేల్.
చెరువు మీద పొగమంచు ఇంకా లేవలేదు.
పార్కింగులో పదకొండు ట్రెయిలర్లు,
దుప్పట్లు కప్పుకున్న పదకొండు పడవలు.
బాలింతల్ని దింపినట్టు దింపుతున్నారు అందరూ.

మాది సిమెంటు పడవ.
ఇరవై అడుగులు. ముప్పావు అంగుళం మందం.
నవ్వొస్తోంది కదా? నాకూ వచ్చింది సెప్టెంబరులో,
ఇమానీ నోటీసు తెచ్చి చూపించినప్పుడు.
"రాయెక్కడన్నా తేలుతుందా?" అన్నాను.
"పోటీ అదే" అంది.

పేరు రాస్తే రాళ్ళు తేలిన కథ మాకొకటుంది.
ల్యాబులో ముక్కుకి గుడ్డ కట్టుకుని తనకి చెప్పాను.
అంతా శ్రద్ధగా విని అడిగింది:
ఆ రాళ్ళ సాంద్రత ఎంత?

ఇసుక బరువని మానేశాం.
గాజు బుడగలు పోశాం,
తుమ్మితే సగం ఎగిరిపోయేవి.
మొదటి మిక్సు అటుకుల్లా రాలింది.
నాలుగోది ఉప్మాలా ఉండకట్టింది.
తొమ్మిదోది బాగుందని పిజ్జా కూడా తెప్పించుకున్నాం,
ఏడో రోజు ప్రెస్సులో పెడితే
అప్పడమే.
పదిహేడోది మాత్రం
బొటనవేలు ఆనిస్తే ఊరుకుంది.

ఇరవై ఎనిమిది రోజులు తడి గోనెలు కప్పాం.
రాత్రి వంతు నాది.
సిమెంటు ఎండి గట్టిపడుతుందనుకుంటారు అందరూ.
కాదు.
తాగి గట్టిపడుతుంది.
రెండింటికి బకెట్టుతో వెళితే
చీకట్లో గోనెలు గుటకలేస్తున్నట్టే ఉండేది.

రంగు వేసే రోజు ఇమానీ బ్రష్షు నా చేతికిచ్చి
"అడుగున, నీళ్ళు తగిలేచోట,
మీ అక్షరాల్లో నా పేరు రాయి" అంది.
సాంద్రత సంగతి నేనేం అడగలేదు.
"రంగు కూడా బరువే" అని హోల్డెన్ సణిగి
తన పేరూ రాయించుకున్నాడు.

మౌంట్ వెర్నన్ దాటాక రోడ్డు మీద గుంత.
దుప్పటి తీస్తే, నడుము దగ్గర
జానెడు పగులు, వెంట్రుక మందాన.
జడ్జి మార్లీస్ మోకాళ్ళ మీద కూర్చుంది,
ముప్పై ఏళ్ళు వంతెనలు తనిఖీ చేసిన మనిషి.
పగులు వెంట వేలు పోనిచ్చి
"నేను చూసిన ప్రతి వంతెనకీ ఇలాంటిదొకటుంది" అంది ప్రేమగా.
పది మార్కులు తీసేసింది.

ఇక్కడ ముంచి చూస్తారు.
నిండా నీళ్ళు నింపి, అడుగుకి నొక్కి,
అందరినీ చేతులు తీసెయ్యమంటారు.
తీశాం.
వెనక జిమ్ములో స్టీలు వంతెన బిగించేవాళ్ళ
బోల్టుల కటకట.
నీళ్ళ మీద ఏమీ లేదు.
ఏమీ లేదు.
హోల్డెన్ ఏదో గొణిగాడు, లెక్కో ప్రార్థనో.

అప్పుడు ముక్కు లేచింది,
ఎండపూట మడుగులోంచి గేదె లేచినట్టు,
విసుగ్గా, ఎవరి కోసమూ కాదన్నట్టు,
వీపు మీంచి నీళ్ళు జార్చుకుంటూ.

తర్వాత పందెంలో మలుపు దగ్గర
ఇమానీ కుడికి వేస్తే నేనూ కుడికే వేశాను.
గుండ్రంగా తిరిగాం.
చీలమండల దాకా ఐసు నీళ్ళు,
నా నోట ఇక్కడ రాయకూడని తెలుగు.
చివరి నుంచి మూడో స్థానం.

రాత్రి విందులో కప్పులు వేరేవాళ్ళకి, చికెన్ అందరికీ.
మా బల్ల దగ్గర ఇండియానా జట్టు కూర్చుంది.
వాళ్ళ పడవ పందెం మధ్యలో రెండు ముక్కలైంది.
రెండూ తేలాయి,
విడివిడిగా.
వాళ్ళలో ఒకడు, ఎర్రటి కళ్ళతో,
జేబులోంచి చిన్న పుస్తకం తీసి
"మీ మిక్సు ఏంటి?" అన్నాడు.
బల్ల కింద ఇమానీ నా కాలు తొక్కింది.

పదహారు చెప్పాను.
పదిహేడోది చెప్పలేదు.
అటుకులూ, ఉప్మా, అప్పడం,
పదహారూ వరసగా రాసుకున్నాడు,
తనకి కావలసినవి
అవే అన్నట్టు.